మూడు లిపుల పేర్లు, రెండు రాష్ట్రాల బిల్లులు: డేటాబేస్ ఇండెక్స్‌లు వేసే పద్ధతి

బరంపురంలో షాపుల సాఫ్ట్‌వేర్ చూసుకునేవాళ్లకి దసరా ముందు తప్పకుండా వచ్చే ఫోను ఒకటుంది. "బాబూ, పేరు కొడితే గుండ్రంగా తిరుగుతూనే ఉంది. కౌంటర్ దగ్గర జనం నిలబడిపోయారు, తొందరగా ఏదో ఒకటి చెయ్యి." షావుకారు మనసులో కొత్త కంప్యూటర్ కొనే ఆలోచన అప్పటికే మొదలై ఉంటుంది. చాలాసార్లు ఆ ఖర్చు అక్కర్లేదు. వెయ్యాల్సిన ఇండెక్స్ లేకపోవడమో, అక్కర్లేనివి అరడజను ఉండటమో అసలు జబ్బు.

ఇండెక్స్ అంటే ఏమిటో ఒక్క మాటలో చెప్పి ముందుకు వెళ్తాను. పాత లెడ్జర్ పుస్తకాల మొదట్లో అక్షరక్రమంలో పేర్ల పట్టీ ఉండేది, పేరు ఎదురుగా పేజీ నంబరు. పట్టీ లేకపోతే పుస్తకమంతా తిరగెయ్యాలి. పట్టీ ఉంటే వెతకడం సులువే కానీ, కొత్త ఖాతా తెరిచినప్పుడల్లా అందులో కూడా రాసుకోవాలి. ఈ రెండో వాక్యాన్ని మర్చిపోయే జనం ప్రతి కాలమ్‌కీ ఒక ఇండెక్స్ తగిలిస్తారు.

నేను గట్టిగా నమ్మేది ఒకటే: ఇండెక్స్‌ను కాలమ్‌ని చూసి వెయ్యకూడదు, ప్రశ్నను చూసి వెయ్యాలి. టేబుల్ నిర్మాణం ముందు పెట్టుకుని "దేనికి ఇండెక్స్ వేద్దాం" అని ఆలోచిస్తే తప్పుదారి పడతాం. కౌంటర్‌లో కూర్చున్న మనిషి రోజంతా ఏం అడుగుతున్నాడో చూస్తే ఇండెక్స్ దానంతటదే తేలుతుంది.

ఉదాహరణకి పెద్ద బజారులో పట్టుచీరల హోల్‌సేల్ షాపు ఒకటి ఉందనుకుందాం. కొనేవాళ్లు ఇటు ఒడిశాలోని ఛత్రపురం, అస్కా, పర్లాకిమిడి, గుణుపురం నుంచి వస్తారు, అటు ఆంధ్రప్రదేశ్‌లోని ఇచ్ఛాపురం, సోంపేట, పలాస నుంచి వస్తారు. టేబుళ్లు మూడు: కస్టమర్స్‌లో 60 వేల వరుసలు, బిల్స్‌లో 12 లక్షలు, బిల్_ఐటమ్స్‌లో 90 లక్షలు. డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ అయినా పోస్ట్‌గ్రెస్ అయినా ఇక్కడి పద్ధతి ఒకటే, తేడా ఉన్నచోట చెప్తాను. కమాండ్లను పలికినట్టు తెలుగులో రాస్తున్నాను, కీబోర్డు మీద మామూలుగానే కొట్టుకోండి.

1. ముందు నెమ్మది క్వెరీలను పట్టుకోండి

"సిస్టమ్ స్లో" అనే ఫిర్యాదుతో ఏ పనీ మొదలుపెట్టలేం. ఏ క్వెరీ (డేటాబేస్‌ను అడిగే ప్రశ్న), ఎన్ని సెకన్లు, రోజుకి ఎన్నిసార్లు అనేది కావాలి.

మైఎస్‌క్యూఎల్‌లో స్లో_క్వెరీ_లాగ్ ఆన్ చెయ్యండి. లాంగ్_క్వెరీ_టైమ్ విలువ మామూలుగా 10 సెకన్లు ఉంటుంది. బిల్లింగ్ కౌంటర్‌కి అది చాలా ఎక్కువ, 1కి దించండి, కొన్నాళ్లకి 0.5కి. పోస్ట్‌గ్రెస్‌లో లాగ్_మిన్_డ్యూరేషన్_స్టేట్‌మెంట్ అనే సెట్టింగ్ ఉంది, మొదట్లో అది ఆపేసి ఉంటుంది. దానికన్నా పీజీ_స్టాట్_స్టేట్‌మెంట్స్ ఎక్స్‌టెన్షన్ మెరుగు. ఒక్కో రకం క్వెరీ మొత్తం ఎంత సమయం తిన్నదో కూడి చూపిస్తుంది.

ఆ మొత్తమే ముఖ్యం. నెలకోసారి నడిచే రిపోర్టుకి 40 సెకన్లు పట్టినా ఎవరూ ఏడవరు, అకౌంటెంట్ గారు ఈలోగా టీ తాగి వస్తారు. రోజుకి రెండువేల సార్లు నడిచే కస్టమర్ వెతుకులాటకి ఒక్కోసారి 0.8 సెకను పడుతుంటే మాత్రం అదే షాపును ఆపేస్తుంది. రెండోదాన్ని ముందు పట్టుకోండి.

2. ప్లాన్ చదవడం నేర్చుకోండి

క్వెరీ ముందు ఎక్స్‌ప్లెయిన్ అని తగిలిస్తే డేటాబేస్ ఏ దారిన వెళ్లబోతోందో చెప్తుంది. ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్ అంటే క్వెరీని నిజంగానే నడిపి, పట్టిన సమయం కూడా చూపిస్తుంది. మైఎస్‌క్యూఎల్‌లో ఇది 8.0.18 నుంచి ఉంది. నిజంగా నడుపుతుంది అన్నమాట గుర్తుంచుకోండి: పోస్ట్‌గ్రెస్‌లో డిలీట్ ముందు ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్ పెడితే వరుసలు నిజంగానే పోతాయి. బిగిన్ చెప్పి నడిపి, తర్వాత రోల్‌బ్యాక్ చెయ్యాలి (బిగిన్ తర్వాత జరిగిందంతా వెనక్కి తీసుకోవాలి).

మైఎస్‌క్యూఎల్ మామూలు ఎక్స్‌ప్లెయిన్‌లో టైప్ అనే గడి చూడండి. ఆల్ అని ఉంటే టేబుల్ మొత్తం చదువుతోంది. రెఫ్, రేంజ్ అని ఉంటే ఇండెక్స్ దారిలో వెళ్తోంది. ఇండెక్స్ అని ఉంటే సంబరపడకండి, అది ఇండెక్స్‌ను మొదటి నుంచి చివరిదాకా చదవడం. రోస్ గడిలో ఎన్ని వరుసలు చూడాల్సి వస్తుందో అంచనా ఉంటుంది. ఎక్స్‌ట్రా గడిలో యూజింగ్ ఫైల్‌సార్ట్ కనిపిస్తే వరుసలు తెచ్చుకున్నాక వేరేగా క్రమంలో పెడుతోందని అర్థం.

పోస్ట్‌గ్రెస్‌లో సీక్వెన్షియల్ స్కాన్ అంటే మొత్తం చదవడం, ఇండెక్స్ స్కాన్ అంటే నేరుగా వెళ్లడం. బిట్‌మ్యాప్ స్కాన్ మధ్యరకం: ముందు ఇండెక్స్‌లో చూసి ఏయే పేజీలు కావాలో గుర్తుపెట్టుకుని, ఆ పేజీలను వరుసగా తెస్తుంది.

మొత్తం చదవడం ఎప్పుడూ తప్పేం కాదు. మీ లాప్‌టాప్‌లో 200 వరుసల టెస్ట్ టేబుల్ పెట్టుకుని "ఇండెక్స్ వేసినా వాడట్లేదు" అనుకుంటే డేటాబేస్ తప్పేమీ లేదు, అంత చిన్నదాన్ని మొత్తం చదివెయ్యడమే చవక. నిజం సైజు డేటా మీద పరీక్షించకపోతే ఈ పనంతా దండగ.

3. మొదటి ఇండెక్స్

కౌంటర్‌లో ఎక్కువగా నడిచే క్వెరీ: ఈ కస్టమర్ పాత బిల్లులు చూపించు. బిల్స్‌లో కస్టమర్_ఐడీ ఉంది, దాని మీద ఇండెక్స్ లేదు. 12 లక్షల వరుసలూ చదివి పన్నెండు బిల్లులు బయటికి తీస్తోంది.

క్రియేట్ ఇండెక్స్ బిల్స్_కస్టమర్ ఆన్ బిల్స్ (కస్టమర్_ఐడీ)

ఈ ఒక్క లైనుతో ఏం మారుతుంది? డేటాబేస్ లోపల బీ-ట్రీ అనే నిర్మాణం తయారవుతుంది. దీన్ని బోయింగ్‌లో పనిచేస్తున్న రుడాల్ఫ్ బేయర్, ఎడ్వర్డ్ మెక్‌క్రైట్ తయారుచేశారు, వాళ్ల పేపరు 1972లో అచ్చయింది. విలువలన్నీ క్రమంలో పేర్చి, పేజీలుగా విడగొట్టి, ఆ పేజీలకి దారి చూపే పేజీలు పైన పెడతారు. మైఎస్‌క్యూఎల్‌లో టేబుళ్లను దాచే ఇన్నోడీబీ అనే ఇంజిన్‌లో పేజీ 16 కేబీ, పోస్ట్‌గ్రెస్‌లో 8 కేబీ. ఒక్కో పేజీలో 500 ఎంట్రీలు పడతాయనుకుంటే మూడు అంతస్తులకే 500 × 500 × 500, అంటే 12.5 కోట్ల ఎంట్రీలు. మన 12 లక్షలు అందులో ఒక మూలకి సరిపోతాయి. ఏ విలువకైనా మూడు నాలుగు పేజీలు చదివితే చేరిపోతాం.

ప్రైమరీ కీకి (ఒక్కో వరుసకీ వేరుగా ఉండే గుర్తింపు), యూనిక్ (ఒకే విలువ రెండుసార్లు రాకూడదు) అని పెట్టిన కాలమ్‌కి ఇండెక్స్ తనంతట తానే వస్తుంది, మళ్లీ వెయ్యొద్దు. ఫారిన్ కీ (ఇంకో టేబుల్‌లోని వరుసను చూపించే కాలమ్) దగ్గర మాత్రం తేడా ఉంది. ఇన్నోడీబీ ఫారిన్ కీ పెట్టగానే ఇండెక్స్ కూడా వేసుకుంటుంది. పోస్ట్‌గ్రెస్ వెయ్యదు, మీరే వెయ్యాలి. అక్కడ బిల్_ఐటమ్స్‌లో బిల్_ఐడీకి ఇండెక్స్ లేకుండా ఒక పాత బిల్లు డిలీట్ చేసి చూడండి, ఆ ఒక్క బిల్లు కోసం 90 లక్షల వరుసలూ తడుముతుంది.

4. రెండు కాలమ్‌ల ఇండెక్స్: ఏది ముందు?

ఇక్కడే సరిహద్దు షాపులకి అసలు లాభం. జీఎస్‌టీ నంబరులో 15 అక్షరాలుంటాయి, మొదటి రెండు అంకెలు రాష్ట్రం కోడ్: ఒడిశాకి 21, ఆంధ్రప్రదేశ్‌కి 37. నెలాఖరుకి రిటర్న్ వేసేటప్పుడు అకౌంటెంట్ అడిగేది ఇది: ఏప్రిల్ నెలలో 37 కోడ్ ఉన్న వ్యాపారులకి వేసిన బిల్లులన్నీ ఇవ్వు.

స్టేట్_కోడ్ ఒక్కదాని మీద ఇండెక్స్ వేస్తే? కాలమ్‌లో దాదాపు రెండే విలువలు. 21 అని అడిగితే టేబుల్‌లో ముప్పాతిక భాగం వచ్చేస్తుంది, అప్పుడు ఇండెక్స్ పట్టుకుని ఒక్కో వరుసకీ గెంతడం కన్నా మొత్తం చదవడమే నయమని ప్లానర్ (దారి ఎంచుకునే డేటాబేస్ భాగం) ఇండెక్స్‌ను పక్కన పెడుతుంది. బిల్_డేట్ ఒక్కదాని మీద వేస్తే కొంత మేలు, కానీ ఆ నెలలో ఒడిశా బిల్లులు కూడా చదివి పారెయ్యాలి.

రెండూ కలిపి వెయ్యాలి. (స్టేట్_కోడ్, బిల్_డేట్) అని వేస్తే ఇండెక్స్ లోపల వరుసలు ఇలా పడుకుని ఉంటాయి:

21, 2024-04-29
21, 2024-04-30
21, 2024-05-01
…
37, 2024-03-30
37, 2024-04-02
37, 2024-04-02
37, 2024-04-27
37, 2024-05-03

37 ఏప్రిల్ బిల్లులు మూడూ పక్కపక్కనే ఉన్నాయి. డేటాబేస్ మొదటిదాని దగ్గరికి వెళ్లి, మే నెల కనిపించేదాకా నడిచి ఆగిపోతుంది. అవసరం లేని ఒక్క వరుస కూడా చదవదు. అదే తిరగేసి (బిల్_డేట్, స్టేట్_కోడ్) అని వేస్తే:

2024-04-02, 21
2024-04-02, 37
2024-04-02, 37
2024-04-03, 21
2024-04-03, 21
…
2024-04-27, 37

37లు చెల్లాచెదురుగా ఉన్నాయి. ఏప్రిల్ అంతా నడవాల్సిందే.

సూత్రం: సమానం అని అడిగే కాలమ్‌లు ముందు, నుంచి-దాకా అని అడిగేది వెనుక. చాలా పుస్తకాల్లో "ఎక్కువ రకాల విలువలున్న కాలమ్ ముందు పెట్టు" అని రాసి ఉంటుంది. పై ఉదాహరణకి ఆ సలహా సరిగ్గా వ్యతిరేకం, తేదీల్లో వందల రకాలున్నాయి, రాష్ట్రాలు రెండే. ప్రశ్న ఎలా అడుగుతున్నామన్నదే లెక్క.

ఎడమ నుంచి మొదలు కావాలన్నది ఇంకో సంగతి. (స్టేట్_కోడ్, బిల్_డేట్) ఇండెక్స్ స్టేట్_కోడ్ ఒక్కదానికి పనికొస్తుంది, రెండింటికీ పనికొస్తుంది. బిల్_డేట్ ఒక్కటే అడిగే క్వెరీకి దాన్ని నమ్ముకోకూడదు. "ఈరోజు అమ్మకం ఎంత" అని షావుకారు గంటకోసారి అడిగేటట్టయితే తేదీకి వేరే ఇండెక్స్ కావాల్సిందే.

కస్టమర్ పాత బిల్లుల స్క్రీన్‌ని కూడా ఇదే చూపుతో మళ్లీ చూడండి. బిల్లులు కొత్తవి ముందు రావాలి కదా. (కస్టమర్_ఐడీ, బిల్_డేట్) అని వేస్తే వరుసలు క్రమంలోనే దొరుకుతాయి, డేటాబేస్ వాటిని చివరి నుంచి వెనక్కి చదువుకుంటుంది, వేరేగా సార్ట్ చేసే పని పోతుంది. ఇది వేశాక మూడో మెట్టులో వేసిన ఒంటి కస్టమర్_ఐడీ ఇండెక్స్ దండగ, తీసెయ్యండి.

ఆ స్క్రీన్‌లో తేదీ, మొత్తం రెండే చూపిస్తుంటే బిల్_మొత్తం కూడా ఇండెక్స్ చివర చేర్చవచ్చు. అప్పుడు అసలు టేబుల్ వైపు వెళ్లకుండా ఇండెక్స్‌లోనే జవాబు దొరుకుతుంది. మైఎస్‌క్యూఎల్‌లో ఎక్స్‌ట్రా గడిలో యూజింగ్ ఇండెక్స్ అని కనిపిస్తే అదే. పోస్ట్‌గ్రెస్ 11 నుంచి ఇన్‌క్లూడ్ అనే మాటతో చేర్చవచ్చు. అయితే అక్కడ వ్యాక్యూమ్ (పనికిరాని పాత వరుసలను శుభ్రం చేసే పని) సరిగ్గా నడుస్తుంటేనే ఈ లాభం పూర్తిగా అందుతుంది. రోజుకి వందల సార్లు నడిచే క్వెరీకి తప్ప దీని జోలికి వెళ్లకండి.

5. పేర్లు: మన ఊళ్లలో అసలు తలనొప్పి

మిగతా ఊళ్ల గైడ్లలో ఈ భాగం ఉండదు, మనకి మాత్రం రోజూ ఉండేదే. ఒకే మనిషి పేరు ఒక గుమస్తా తెలుగులో కొడతాడు, ఇంకొకడు ఒడియాలో, మూడోవాడు ఇంగ్లీషులో. ఇంగ్లీషులో మళ్లీ సాహు అంటే చివర యూ పెట్టేవాళ్లు, డబుల్ ఓ పెట్టేవాళ్లు. పాత్రో అంటే చివర ఓ పెట్టే గంజాం వాళ్లు, ఏ పెట్టే కటక్ వైపు వాళ్లు. సోంపేట వెంకటరావు గారు ఒడియా బిల్లులో బెంకట రాఓ అయి కూర్చుంటారు, ఎందుకంటే ఒడియా రాతలో వకారం, బకారం రెండింటికీ ఒకే అక్షరం వాడతారు.

దీనికి జనం ముందుగా చేసేది లైక్ క్వెరీ: పేరు లైక్ '%వెంకట%'. శాతం గుర్తు అంటే అక్కడ ఏ అక్షరాలైనా ఉండవచ్చని. అది ముందు ఉంటే మామూలు ఇండెక్స్ పనికిరాదు, పేరు ఏ అక్షరంతో మొదలవుతుందో తెలియనప్పుడు క్రమంలో ఎక్కడికి వెళ్లాలో తెలియదు కదా. పైగా అది ఒడియా ఎంట్రీని, ఇంగ్లీషు ఎంట్రీని ఎలాగూ పట్టదు. నెమ్మదిగా నడిచి, తప్పు జవాబు ఇస్తుంది.

నేను సిఫారసు చేసేది వేరే కాలమ్: పేరు_కీ. కస్టమర్‌ను సేవ్ చేసేటప్పుడు మీ ప్రోగ్రామే పేరును ఒక మొరటు రూపంలోకి మార్చి ఇందులో పెడుతుంది, ఇండెక్స్ దీని మీద. మార్చే పద్ధతి ఇదిగో.

ముందు ఒడియాను తెలుగులోకి తేవాలి. ఇది అనుకున్నంత కష్టం కాదు. యూనికోడ్‌లో భారతీయ లిపులను ఒకే అమరికలో పేర్చారు. ఒడియా క స్థానం 2837, తెలుగు క స్థానం 3093, తేడా 256. మిగతా అక్షరాల్లో చాలావాటికి ఇదే తేడా, 256 కలిపితే తెలుగు అక్షరం వచ్చేస్తుంది. నుక్తా (కింద చుక్క) ఉన్న డ, ఢలని, ఒడియాకే ప్రత్యేకమైన య, వలని మాత్రం చేత్తో జత కలపాలి.

తర్వాత తేడాలను చెరిపెయ్యాలి. అచ్చుల గుర్తులన్నీ తీసెయ్యండి, పేరు అచ్చుతో మొదలైతే ఒక అ మాత్రం ఉంచండి. ఒత్తులను మామూలు చెయ్యండి: ఖ కాస్తా క, భ కాస్తా బ. వ కూడా బ. ట, ఠ, థ అన్నీ త. డ, ఢ, ధ అన్నీ ద, ఎందుకంటే ఇంగ్లీషు రాతలో టకి, తకి తేడా తెలియదు. శ, ష, స ఒకటే. ళ అంటే ల. ఙ, ఞ, ణ, న, మ, సున్నా అన్నీ న. జంటగా వచ్చిన హల్లును ఒకటి చెయ్యండి. ఖాళీలు, చుక్కలు తీసెయ్యండి. ఇంగ్లీషు అక్షరాలకీ ఇదే వరస, రెండక్షరాల గుంపులను ముందు చూసుకుని, వీ అంటే బ, ఎన్ అంటే న అంటూ.

ఫలితం చూడండి:

వెంకటరావు → బనకతరబ
ఒడియాలో బెంకట రాఓ → బనకతర
ఇంగ్లీషులో వెంకట రావ్, చివర ఏ-ఓ → బనకతర

కౌంటర్‌లో ఎవరే లిపిలో కొట్టినా ఆ మాటను కూడా ఇదే యంత్రంలో వేసి, పేరు_కీ లైక్ 'బనకత%' అని వెతుకుతారు. శాతం చివర మాత్రమే ఉంది కాబట్టి ఇండెక్స్ పనిచేస్తుంది. మూడు ఎంట్రీలూ ఒకేచోట దొరుకుతాయి. కాస్త ఎక్కువ పేర్లు రావచ్చు, పరవాలేదు, పది పేర్లు స్క్రీన్ మీద పడితే సరైన మనిషిని పోల్చుకోవడం గుమస్తాకి క్షణం పని. ఒకటి మాత్రం మర్చిపోవద్దు: అసలు పేరు కాలమ్‌ను ముట్టుకోకండి. బిల్లు మీద పడేది అదే, ఎవరి పేరు వాళ్లు రాసుకున్నట్టే ఉండాలి.

పోస్ట్‌గ్రెస్ వాళ్లకి ఒక మెలిక. డేటాబేస్ కొలేషన్ (అక్షరాలను క్రమంలో పెట్టే పద్ధతి) సీ కాకపోతే మామూలు బీ-ట్రీ ఇండెక్స్ లైక్ 'బనకత%'కి కూడా పనిచెయ్యదు. ఇండెక్స్ వేసేటప్పుడు కాలమ్ పక్కన టెక్స్ట్_ప్యాటర్న్_ఆప్స్ అని చేర్చాలి. ఇండెక్స్ ఉన్నా సీక్వెన్షియల్ స్కాన్ ఎందుకొస్తోందని తల పట్టుకునేవాళ్లలో చాలామందికి ఇదే కారణం.

మైఎస్‌క్యూఎల్ వాళ్లకి ఇంకోటి. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరం గానీ ఒడియా అక్షరం గానీ 3 బైట్లు, గుణింతం గుర్తు మళ్లీ 3, పొల్లు మళ్లీ 3. యూటీఎఫ్8ఎంబీ4 కాలమ్‌లో ఇండెక్స్ ఒక్కో అక్షరానికి 4 బైట్లు లెక్క వేసుకుంటుంది. పాత కాంపాక్ట్ రకం టేబుళ్లలో ఇండెక్స్ కీ హద్దు 767 బైట్లు, కాబట్టి వర్‌చార్ 255కి, అంటే 255 అక్షరాల దాకా పట్టే కాలమ్‌కి, 1020 బైట్లై ఎర్రర్ కొడుతుంది. డైనమిక్ రకంలో హద్దు 3072. పాత సాఫ్ట్‌వేర్‌ల్లో 191 అనే వింత పొడవు కనిపిస్తే కారణం ఇదే, 191 × 4 అంటే 764.

కనిపించని అక్షరాల గోల కూడా ఉంది. రాయ్‌గఢ్ లాంటి మాటలు కొట్టేటప్పుడు కొన్ని కీబోర్డులు మాట చివరి పొల్లు తర్వాత కనబడని విడదీత గుర్తు పెడతాయి, కొన్ని పెట్టవు. కంటికి రెండూ ఒకటే, పోస్ట్‌గ్రెస్ మామూలు పోలికలో రెండూ వేరు. యూనిక్ ఇండెక్స్ ఉన్నా డూప్లికేట్ దర్జాగా లోపలికి వస్తుంది. పైన చెప్పిన మార్పిడిలో ఆ గుర్తులను కూడా తీసేస్తే పేరు_కీ దగ్గర గొడవ ఉండదు.

ఊరి పేర్లకి ఈ కసరత్తు వద్దు. బరంపురం, బ్రహ్మపుర, బెర్హంపూర్ అని ముగ్గురు మూడు రకాలుగా కొట్టే బదులు ఊళ్లకి ఒక చిన్న టేబుల్ పెట్టి, ఊరు_ఐడీ వాడండి. అప్పుడు (ఊరు_ఐడీ, పేరు_కీ) అని జంట ఇండెక్స్ వెయ్యవచ్చు. ఊరు సమానం, పేరు మొదటి అక్షరాలు నుంచి-దాకా లాంటివే, నాలుగో మెట్టు సూత్రమే ఇక్కడా. ఊరు చెప్పకుండా పేరు మాత్రమే వెతికే అలవాటు కూడా ఉంటే పేరు_కీకి ఒంటి ఇండెక్స్ అదనం.

6. ఉన్న ఇండెక్స్‌ను చెడగొట్టే రాతలు

ఇయర్(బిల్_డేట్) = 2024 అని రాస్తే ఇండెక్స్ బిల్_డేట్ మీద ఉన్నా పనిచెయ్యదు. ఇండెక్స్‌లో ఉన్నది తేదీ, మీరడిగింది తేదీ మీద లెక్కకట్టిన ఇంకేదో. బిల్_డేట్ >= '2024-04-01', బిల్_డేట్ < '2025-04-01' అని రాయండి, ఆర్థిక సంవత్సరం అలాగే కదా మనకి కావాల్సింది. చివరి తేదీకి బిట్వీన్ వాడితే, కాలమ్‌లో సమయం కూడా ఉన్నప్పుడు మార్చి 31 మధ్యాహ్నం బిల్లులు జారిపోతాయి.

జీఎస్‌టీ నంబరులో మొదటి రెండు అక్షరాలు సబ్‌స్ట్రింగ్‌తో కత్తిరించి '37'తో పోల్చడమూ ఇదే జబ్బు. లైక్ '37%' అనండి, లేదా నాలుగో మెట్టులోలాగ స్టేట్_కోడ్ వేరే కాలమ్‌గా ఉంచండి.

ఫోన్ నంబరు అన్నిటికన్నా టక్కరిది. కాలమ్ వర్‌చార్, క్వెరీలో నంబరు చుట్టూ కొటేషన్ గుర్తులు పెట్టలేదు. మైఎస్‌క్యూఎల్ ఎర్రర్ ఇవ్వదు, ప్రతి వరుసనీ అంకెగా మార్చి పోల్చుకుంటూ టేబుల్ మొత్తం చదువుతుంది. జవాబు సరిగ్గానే వస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. పోస్ట్‌గ్రెస్ నయం, రకాలు కలవలేదని ముఖం మీదే చెప్పేస్తుంది. సేవ్ చేసేటప్పుడే ముందున్న సున్నా, 91 తీసేసి పది అంకెలే ఉంచండి, వెతికేటప్పుడు కొటేషన్ గుర్తులు పెట్టండి.

రెండు వేర్వేరు కాలమ్‌ల మధ్య ఆర్ పెట్టినప్పుడు, ఉదాహరణకి ఫోన్ ఇది ఆర్ పేరు_కీ అది అన్నప్పుడు, ప్లాన్ ఒకసారి చూసుకోండి. బాగా రాకపోతే రెండు క్వెరీలుగా విడగొట్టి యూనియన్‌తో కలపండి.

7. షాపు నడుస్తుండగా ఇండెక్స్ వెయ్యడం

పోస్ట్‌గ్రెస్‌లో మామూలు క్రియేట్ ఇండెక్స్ నడుస్తున్నంతసేపు ఆ టేబుల్‌లో కొత్త బిల్లు పడదు, చదవడం మాత్రం సాగుతుంది. క్రియేట్ ఇండెక్స్ కాంకరెంట్లీ అంటే బిల్లింగ్ ఆగదు, కాస్త ఎక్కువ సేపు పడుతుంది. దీన్ని ట్రాన్సాక్షన్ (బిగిన్‌తో మొదలయ్యే పనుల కట్ట) లోపల నడపలేం. మధ్యలో కరెంటు పోయినా, ఇంకేం జరిగినా, చెల్లనిదని గుర్తు పడిన సగం ఇండెక్స్ మిగిలిపోతుంది. అది క్వెరీలకి పనికిరాదు కానీ రాతలకి భారమవుతుంది, డ్రాప్ చేసి మళ్లీ మొదలుపెట్టండి.

ఇన్నోడీబీలో మామూలు ఇండెక్స్ వేస్తుండగా రాతలు సాగుతాయి. ఆల్గారిథమ్ ఇన్‌ప్లేస్, లాక్ నన్ అని చెప్తే, అలా చెయ్యడం కుదరని పక్షంలో ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది, చాటుగా టేబుల్‌ను బిగించదు. మొదట్లో, చివర్లో మాత్రం ఒక క్షణం టేబుల్ తాళం కావాలి. ఎవరో ఉదయం తెరిచిన ట్రాన్సాక్షన్ మూయకుండా వదిలేస్తే ఆ తాళం కోసం ఇది నిలబడుతుంది, దీని వెనక మిగతా బిల్లులన్నీ నిలబడతాయి. కాబట్టి ఏ డేటాబేస్ అయినా సరే, షట్టర్ దించాక చెయ్యడమే హాయి.

వేశాక ఎనలైజ్ నడపండి, ప్లానర్‌కి టేబుల్ లెక్కలు తాజాగా తెలుస్తాయి. తర్వాత రెండో మెట్టుకి వెళ్లి అదే క్వెరీ ప్లాన్ మళ్లీ చూడండి. మారకపోతే ఇండెక్స్ తీసెయ్యండి. "ఉంటే ఎప్పుడైనా పనికొస్తుందిలే" అనుకునే చోటే చెత్త పేరుకుంటుంది.

8. అక్కర్లేనివి ఏరిపారెయ్యడం

బిల్_ఐటమ్స్‌లో ప్రైమరీ కీ కాక ఆరు ఇండెక్స్‌లున్నాయనుకోండి. ఎనిమిది చీరల బిల్లు ఒకటి కొడితే 8 × 7, అంటే 56 చోట్ల రాత. పండగ రద్దీలో నాలుగు కౌంటర్లు ఒకేసారి కొడుతుంటే ఈ బరువు కనిపిస్తుంది. రెండు ఇండెక్స్‌లు తీసేస్తే అది 40కి దిగుతుంది. బ్యాకప్ తిరిగి ఎక్కించేటప్పుడూ ఇండెక్స్‌లన్నీ మళ్లీ కట్టుకోవాలి, ఆ సమయం కూడా తగ్గుతుంది.

పోస్ట్‌గ్రెస్‌లో పీజీ_స్టాట్_యూజర్_ఇండెక్సెస్‌లో ఐడీఎక్స్_స్కాన్ సున్నా ఉన్నవాటిని చూడండి. మైఎస్‌క్యూఎల్‌లో సిస్ స్కీమాలో స్కీమా_అన్‌యూజ్డ్_ఇండెక్సెస్ అనే వ్యూ ఉంది, సర్వర్ రీస్టార్ట్ అయితే దాని లెక్క మళ్లీ మొదటికొస్తుంది. వారం చూసి తీర్పు చెప్పకండి. మార్చి ముగింపులో మాత్రమే వాడేవి ఉంటాయి. మా ఊళ్లో అయితే రెండేళ్లకోసారి వచ్చే ఠాకురాణి యాత్ర అమ్మకాలను కిందటి యాత్రతో పోల్చే రిపోర్టు కూడా ఉంటుంది. కానీ అలాంటి రిపోర్టు కోసం రెండేళ్లు ఇండెక్స్ మొయ్యడం తెలివి కాదు. యాత్ర ముందు వేసుకుని, అయ్యాక తీసేస్తే సరి.

యూనిక్ ఇండెక్స్‌ల లెక్కలో సున్నా కనిపించినా ముట్టుకోకండి, అవి వెతకడానికి కాక డూప్లికేట్లు ఆపడానికి ఉన్నాయి. మిగతావాటిలో అనుమానం ఉన్నదాన్ని మైఎస్‌క్యూఎల్ 8.0లో ఇన్విజిబుల్ చేసి పెట్టవచ్చు. ఆల్టర్ టేబుల్ బిల్_ఐటమ్స్ ఆల్టర్ ఇండెక్స్, దాని పేరు, ఇన్విజిబుల్. ప్లానర్‌కి అది కనబడదు, లోపల మాత్రం తాజాగానే ఉంటుంది. ఒక నెల ఎవరూ ఫోన్ చెయ్యకపోతే డ్రాప్ చెయ్యండి. చేస్తే విజిబుల్ అని ఒక్క మాట, క్షణంలో తిరిగొస్తుంది. పోస్ట్‌గ్రెస్‌లో ఈ సౌకర్యం లేదు. అక్కడ డ్రాప్ చేసే ముందు ఇండెక్స్ నిర్వచనాన్ని ఒక ఫైల్లో కాపీ చేసి పెట్టుకోండి.